ఒకే ఇంట్లో విండోస్, మ్యాక్, లైనక్స్: ఫైళ్ళ పంపకం ఎక్కడ తెగుతోంది, బ్యాకప్ ఎక్కడ తప్పుతోంది

క్లుప్తంగా: ఇంట్లో ఒక కంప్యూటర్‌లోని ఫోల్డర్ ఇంకో కంప్యూటర్ నుంచి తెరుచుకోవడం మానేసిందంటే చాలాసార్లు ఏదో పాడైందని కాదు. పాస్‌వర్డ్ లేకుండా నడిచిన పాత దారులను గత పదేళ్ళలో అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లూ ఒక్కొక్కటే మూసేస్తూ వచ్చాయి. పాస్‌వర్డ్ ఉన్న ఖాతా, మారని అడ్రసు, ఎస్ఎంబీ (కంప్యూటర్లు ఫైళ్ళు పంచుకోవడానికి మాట్లాడుకునే భాష) కొత్త తరం ఉంటే పంపకం నిలబడుతుంది. బ్యాకప్ దీనితో తీరే పని కాదు. అందరూ రాయగలిగిన ఫోల్డర్‌ను అందరూ చెరపగలరు కూడా. బ్యాకప్ ఇంట్లో మిగతా కంప్యూటర్ల చెయ్యి పడని చోట, పాత తేదీల కాపీలతో సహా ఉండాలి.

## ఇప్పుడే ఈ ఇబ్బంది ఎందుకు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి. ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపు ఎనిమిదో తరం, ఆ పైదై ఉండాలి. ఇవి లేని కంప్యూటర్లు ఇంకా చక్కగా పనిచేస్తున్నాయి కాబట్టి చాలామంది వాటిలో ఉబుంటు, మింట్ వంటి లైనక్స్ వేసుకున్నారు. ఆఫీసువాళ్ళిచ్చిన మ్యాక్‌బుక్ ఒకటి, పిల్లల చదువుకి కొన్న విండోస్ 11 ల్యాప్‌టాప్ ఒకటి, హాల్లో లైనక్స్ ఎక్కిన పాత డెస్క్‌టాప్ ఒకటి. మూడు సిస్టమ్‌లు ఒకే రూటర్ కింద ఉండడం ఇప్పుడు మామూలైపోయింది.

వీటి మధ్య ఫైళ్ళ పంపకం విండోస్ 7 రోజుల్లో సులువుగా ఉండేది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఎవరీవన్' అని పెడితే సరిపోయేది. 2009లో విండోస్ 7తో వచ్చిన హోమ్‌గ్రూప్ ఆ పనిని ఇంకా తేలిక చేసింది. దాన్ని 2018లో విండోస్ 10 నుంచి తీసేశారు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ఇంకో అడుగు వేసింది. ప్రో ఎడిషన్‌లో ప్రతి ఎస్ఎంబీ కనెక్షన్‌కీ సైనింగ్ తప్పనిసరి చేసి, పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్ని ఆపేసింది. దాంతో నిన్నటిదాకా తెరుచుకున్న ఫోల్డర్ మీద నొక్కితే, మీ సంస్థ భద్రతా విధానాలు గెస్ట్ ప్రవేశాన్ని అడ్డుకుంటున్నాయన్న సందేశం వస్తోంది. సొంత ఇంట్లో, సొంత కంప్యూటర్‌లో 'సంస్థ' ఏమిటని తికమకపడడం సహజం. సంస్థ ఏదీ లేదు. ఆఫీసుల కోసం రాసిన వాక్యాన్నే ఇళ్ళలోనూ చూపిస్తున్నారు, అంతే.

సైనింగ్‌కీ గెస్ట్‌కీ ఎందుకు పొసగదో తెలిస్తే సగం తికమక తీరుతుంది. సైనింగ్ అంటే రెండు కంప్యూటర్ల మధ్య నడిచే ప్రతి సందేశానికీ ఒక ముద్ర వేయడం. దారిలో ఎవరైనా సందేశాన్ని మారిస్తే ముద్ర సరిపోదు. ఆ ముద్ర వేసే తాళం లాగిన్ సమయంలో పాస్‌వర్డ్ ఆధారంగానే పుడుతుంది. గెస్ట్‌కి పాస్‌వర్డ్ లేదు కాబట్టి తాళం లేదు, ముద్రా లేదు. కాబట్టి సైనింగ్ తప్పనిసరైన చోట గెస్ట్ దారి దానంతటదే మూసుకుపోతుంది. రిజిస్ట్రీలోనో గ్రూప్ పాలసీలోనో మార్పులు చేసి ఈ రెంటినీ వెనక్కి తిప్పే చిట్కాలు వీడియోల్లో విరివిగా ఉన్నాయి. అవి పనిచేస్తాయి కూడా. కానీ పాస్‌వర్డ్ పెట్టడానికి పట్టే ఐదు నిమిషాలు మిగుల్చుకోవడానికి ఇంటి మొత్తానికీ రక్షణ తీసేయడం సరైన బేరం కాదు.

## పాత తలుపులు మూయడం వెనక ఉన్న కారణం

ఎస్ఎంబీ పుట్టింది ఐబీఎంలో, 1980ల తొలినాళ్ళలో. మైక్రోసాఫ్ట్ దాన్ని తీసుకుని విండోస్ పంపకానికి వెన్నెముక చేసుకుంది. ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్, తీగ మీద నడిచే సందేశాలను గమనించి అదే భాష మాట్లాడే ప్రోగ్రామును యూనిక్స్ కోసం రాశాడు. 1992లో బయటికొచ్చిన ఆ ప్రోగ్రామే తర్వాత సాంబా అయింది. నేటికీ లైనక్స్ కంప్యూటర్లూ, మార్కెట్లో దొరికే చాలా నాస్ పెట్టెలూ (నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కు పెట్టెలు) విండోస్‌తో మాట్లాడేది సాంబా ద్వారానే. ఆపిల్ చాలాకాలం ఏఎఫ్‌పీ అనే తన సొంత పద్ధతిని నడిపి, 2013లో మావెరిక్స్‌తో ఎస్ఎంబీ రెండో తరాన్ని ముందుకు తెచ్చింది. కాబట్టి విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటికీ పుట్టుకతో తెలిసిన ఉమ్మడి భాష ఈ రోజు ఎస్ఎంబీ ఒక్కటే. ఎన్ఎఫ్ఎస్, ఎఫ్‌టీపీ వంటివి ఉన్నా మామూలు ఇంటికి అవి అక్కర్లేదు.

అసలు ఇబ్బంది మొదటి తరం ఎస్ఎంబీతో వచ్చింది. అందులోని లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలో మందు విడుదల చేసింది. ఆ అప్‌డేట్ వేసుకోని కంప్యూటర్ల మీద మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాము) విరుచుకుపడింది. ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే, ఒక కంప్యూటర్ నుంచి పక్క కంప్యూటర్‌కి ఎస్ఎంబీ వాడే 445వ పోర్టు ద్వారా పాకుతూ ఫైళ్ళకు తాళాలు వేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లూ దీని బారిన పడ్డాయని అప్పట్లో వార్తలొచ్చాయి. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 నుంచి మొదటి తరం ఎస్ఎంబీ అప్రమేయంగా రావడం ఆగిపోయింది. 2019లో సాంబా 4.11 కూడా అదే పని చేసింది.

ఇంట్లో దీని దెబ్బ ఎక్కువగా తగిలింది పాత రూటర్ల వెనక యూఎస్‌బీ సాకెట్‌కి హార్డ్‌డిస్క్ తగిలించుకున్నవారికి. అలాంటి రూటర్లలో చాలావాటికి మొదటి తరం ఎస్ఎంబీ తప్ప రాదు, కంపెనీలు కొత్త ఫర్మ్‌వేర్ ఇవ్వవు. వీటి కోసం విండోస్‌లో పాత తరాన్ని మళ్ళీ ఆన్ చేయమనే సలహాను పాటించవద్దు. ఆ డిస్కును తీసి ఒక కంప్యూటర్‌కి తగిలించి, అక్కణ్ణుంచి పంచుకోవడమే మేలు.

## కనిపించదు, అందదు, తెరుచుకోదు: ఇవి మూడు వేర్వేరు జబ్బులు

'నెట్‌వర్క్ పనిచేయడం లేదు' అన్న ఒక్క మాట కింద మూడు సంగతులు కలిసిపోతుంటాయి. ముందు వీటిని విడదీసుకోవాలి.

మొదటిది, నెట్‌వర్క్ కిటికీలో కంప్యూటర్ పేరు కనిపించకపోవడం. పేర్ల జాబితా తయారుచేసే పాత పద్ధతి మొదటి తరం ఎస్ఎంబీతో ముడిపడి ఉండేది, దానితోపాటే పోయింది. ఇప్పుడు విండోస్ డబ్ల్యూఎస్-డిస్కవరీ అనే పద్ధతిలో పేర్లు వెతుకుతుంది, మ్యాక్ బోంజూర్‌తో వెతుకుతుంది, లైనక్స్‌లోని అవాహీ బోంజూర్‌తో కలుస్తుంది. అందుకే లైనక్స్ పెట్టె మ్యాక్‌లో దర్జాగా కనిపిస్తూ, విండోస్‌లో జాడ లేకుండా ఉంటుంది. లైనక్స్‌లో డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న ప్రోగ్రాము వేస్తే విండోస్‌కీ కనిపిస్తుంది. అయితే కనిపించకపోయినంత మాత్రాన పంపకం ఆగదు. విండోస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అడ్రసు పట్టీలో \\192.168.1.20 అని నేరుగా కొట్టి చూడాలి. మ్యాక్‌లో ఫైండర్ తెరిచి కమాండ్, కె కలిపి నొక్కితే వచ్చే పెట్టెలో అదే అంకెల ముందు smb:// అని చేర్చి కొట్టాలి. తెరుచుకుంటే లోపం పేర్ల జాబితాలోనే ఉంది. ఆ అడ్రసును డ్రైవ్‌గా మ్యాప్ చేసుకుంటే మళ్ళీ వెతికే పని ఉండదు.

రెండోది, అడ్రసు కొట్టినా అందకపోవడం. విండోస్‌లో దీని గుర్తు చివర 80070035 అని ఉండే లోపం. కారణాలు ఎక్కువగా చిన్నవే. ఫోల్డర్ ఉన్న కంప్యూటర్ నిద్రలోకి జారి ఉండొచ్చు. రెండింటిలో ఒకటి రూటర్ గెస్ట్ వైఫైలో ఉండొచ్చు. గెస్ట్ వైఫైలోని పరికరాలను మిగతా ఇంటికి అందనివ్వకపోవడమే దాని పని. కొత్త వైఫైకి కలిసినప్పుడు విండోస్ దాన్ని 'పబ్లిక్' అని గుర్తుపెట్టుకుని ఉంటే ఫైర్‌వాల్ 445వ పోర్టును మూసే ఉంచుతుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌కి వెళ్ళి 'ప్రైవేట్' అని మార్చాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే వీపీఎన్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఇంటి నెట్‌వర్క్ అందకపోవచ్చు. ఇంకో మామూలు కారణం, కరెంటు పోయి వచ్చాక రూటర్ కొత్త అడ్రసులు పంచడం. నిన్న 20గా ఉన్నది ఇవాళ 23 అవుతుంది. రూటర్ పేజీలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ కింద ఆ కంప్యూటర్ నెట్‌వర్క్ చిప్పు గుర్తుకు (దీన్నే మ్యాక్ అడ్రసు అంటారు, ఆపిల్ మ్యాక్‌తో సంబంధం లేదు) ఒక అంకెను కట్టేస్తే ఈ బాధ శాశ్వతంగా పోతుంది.

మూడోది, అందినా లోపలికి రానివ్వకపోవడం. ఎక్కువమంది అలసిపోయేది ఇక్కడే. విండోస్ 11లో రోజూ నాలుగంకెల పిన్ కొట్టి లోపలికి వెళ్ళేవారు, పంపకం దగ్గర అడిగిన పాస్‌వర్డ్‌కి ఆ పిన్నే కొడతారు. పిన్ ఆ కంప్యూటర్ దాటి పనిచేయదు. అక్కడ కావాల్సింది మైక్రోసాఫ్ట్ ఖాతా ఈమెయిలూ, దాని అసలు పాస్‌వర్డూ. ఖాతాను పాస్‌వర్డ్ లేకుండా పెట్టుకున్నవారికి కొట్టడానికి ఏమీ ఉండదు. ఫోల్డర్ ఉన్న కంప్యూటర్‌లో పంపకం కోసమే ఒక లోకల్ యూజర్‌ని, గట్టి పాస్‌వర్డ్‌తో సృష్టించడం అన్నిటికన్నా శుభ్రమైన దారి. ఆ యూజర్‌కి రెండు చోట్ల అనుమతి ఇవ్వాలి: షేరింగ్ ట్యాబ్‌లో ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఒకటి. రెండింటిలో ఏది తక్కువ ఇస్తే అదే చెల్లుతుంది. మొదటి దాంట్లో పూర్తి అధికారం ఇచ్చి రెండోది మరిచిపోతే ఫోల్డర్ తెరుచుకోదు.

లైనక్స్‌లో ఇలాంటిదే ఇంకో మెలిక ఉంది. లైనక్స్ యూజర్ పాస్‌వర్డ్, సాంబా పాస్‌వర్డ్ ఒకటి కావు. smbpasswd ఆదేశంతో విడిగా పెట్టేదాకా సాంబాకి ఆ యూజర్ ఎవరో తెలియదు. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, షేరింగ్ దారిలో ఫైల్ షేరింగ్ ఆన్ చేసి ఊరుకుంటే చాలదు. ఆప్షన్స్‌లో 'విండోస్ ఫైల్ షేరింగ్' కింద ఆ యూజర్ పేరుకి టిక్ పెట్టకపోతే విండోస్ నుంచి ఎన్నిసార్లు సరైన పాస్‌వర్డ్ కొట్టినా తప్పే అంటుంది. ఇక విండోస్ ఒక సర్వర్‌కి ఒకసారి ఒకే పేరుతో వెళుతుంది. ముందు తప్పు పేరుతో తలుపు తట్టి ఉంటే, రెండో పేరు కొట్టినప్పుడు 1219 లోపం చూపిస్తుంది. నెట్ యూజ్ ఆదేశంతో పాత కనెక్షన్ తెంచి, క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచిన పాత పాస్‌వర్డ్ చెరిపి, ఒకసారి లాగాఫ్ చేసి వస్తే సర్దుకుంటుంది.

## డిస్కు చేతులు మారినప్పుడు

నెట్‌వర్క్ ద్వారా పంచుకునేటప్పుడు డిస్కు ఏ ఫార్మాట్‌లో ఉన్నా పట్టింపు లేదు. విండోస్ కంప్యూటర్ పంచిన ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కులో మ్యాక్ హాయిగా రాయగలదు, ఎందుకంటే డిస్కు మీద రాసేది విండోసే. అదే డిస్కును ఊడదీసి మ్యాక్‌కి నేరుగా తగిలిస్తే చదవగలదు కానీ రాయలేదు. మ్యాక్ ఏపీఎఫ్ఎస్ డిస్కును విండోస్ అసలు గుర్తుపట్టదు, 'ఫార్మాట్ చేయాలా' అని అడుగుతుంది. అక్కడ తొందరపడి అవునంటే అందులో ఉన్నదంతా పోయినట్టే.

మూడింటి మధ్యా తిప్పే డిస్కుకి ఎక్స్‌ఫ్యాట్ ఒక్కటే ఆచరణలో మిగిలింది. ఫ్యాట్32 కూడా మూడింటికీ తెలుసు గానీ 4 జీబీ ఫైలును పట్టలేదు. పెళ్ళి వీడియో ఒక్కటే దాన్ని దాటిపోతుంది. మైక్రోసాఫ్ట్ 2019లో ఎక్స్‌ఫ్యాట్ వివరాలను బయటపెట్టాక లైనక్స్‌లోకీ అది చక్కగా వచ్చింది. దాని బలహీనత జర్నల్ (చేయబోయే మార్పులను ముందే రాసుకునే చిట్టా) లేకపోవడం. విండోస్ ఎన్‌టీఎఫ్ఎస్, మ్యాక్ ఏపీఎఫ్ఎస్, లైనక్స్ ఈఎక్స్‌టీ4 మధ్యలో కరెంటు పోయినా డిస్కు లెక్కలు చెదరకుండా తమ తమ పద్ధతుల్లో కాచుకుంటాయి. ఎక్స్‌ఫ్యాట్‌లో రాత మధ్యలో కరెంటు పోయినా, ఎజెక్ట్ చేయకుండా కేబుల్ లాగేసినా, ఫోల్డర్ మొత్తం చదవరాకుండా పోవచ్చు. మోయడానికి ఎక్స్‌ఫ్యాట్ సరే, ఏళ్ళ తరబడి దాచే బ్యాకప్ డిస్కుకి మాత్రం వద్దు.

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లైనక్స్ రెండూ వేసుకున్నవారికి ఇంకో రెండు చిక్కులున్నాయి. విండోస్ 'ఫాస్ట్ స్టార్టప్' ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా నిజంగా పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లైనక్స్ ఆ ఎన్‌టీఎఫ్ఎస్ భాగాన్ని చదవనిస్తుందే గానీ రాయనివ్వదు. రెండోది గడియారం. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది, అంతర్జాతీయ సమయమని లైనక్స్ అనుకుంటుంది. మన దగ్గర ఆ తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. సింక్ చేసే ప్రోగ్రాములు 'ఏది కొత్తది' అని తేల్చుకునేది తేదీ, సమయం చూసే కాబట్టి, ఈ తేడాతో పాత ఫైలు కొత్త ఫైలు మీద పడే ప్రమాదం ఉంది. లైనక్స్‌ని కూడా స్థానిక సమయానికి మార్చడం ఒక్క ఆదేశంతో అయ్యే పని.

## తెలుగు పేర్లు పెట్టిన ఫైళ్ళ సంగతి

ఈ విషయం ఇంగ్లీషులో రాసిన సలహాల్లో అంతగా కనిపించదు. తెలుగులో పేర్లు పెట్టేవారికి మాత్రం తప్పక ఎదురవుతుంది.

విండోస్ ఒక ఫైలు పేరుకి 255 యూనిట్లు ఇస్తుంది, తెలుగు లిపిలోని ప్రతి గుర్తూ ఒక యూనిట్టే. లైనక్స్ ఈఎక్స్‌టీ4 కూడా 255 ఇస్తుంది గానీ అవి బైట్లు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు తింటుంది. గుర్తు అంటే కంటికి కనిపించే అక్షరం కాదు. హల్లు, గుణింతం, పొల్లు, సున్నా ఒక్కోటి ఒక్కో గుర్తు. 'సంక్రాంతి' చూపుకి మూడక్షరాలే. లోపల స, సున్నా, క, పొల్లు, ర, ఆ గుణింతం, సున్నా, త, ఇ గుణింతం కలిసి తొమ్మిది గుర్తులు, అంటే 27 బైట్లు. ఆ పొడవు మాటలు తొమ్మిది, మధ్యలో ఖాళీలతో రాస్తే 251 బైట్లు. చివర .pdf చేర్చడానికి సరిగ్గా చోటు సరిపోతుంది, .docx కి చాలదు. పత్రం పూర్తి శీర్షికనే ఫైలు పేరుగా పెట్టే అలవాటున్నవారి ఫైళ్ళు విండోస్‌లో బాగానే ఉండి, లైనక్స్ పెట్టెకి కాపీ చేసేటప్పుడు 'పేరు చాలా పొడవు' అని ఆగిపోయేది ఇందుకే. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డర్లకు 143 బైట్ల హద్దు పెట్టే నాస్ పెట్టెలు కూడా ఉన్నాయి. అక్కడ 47 గుర్తులకే ఆట కట్టు. పేరును 40 గుర్తుల లోపు ఉంచి, వివరమంతా ఫోల్డర్ పేర్లలోకి పంచడం మంచి అలవాటు.

రెండోది ఇంకా లోతైనది. 'హైదరాబాద్'లోని ఐ గుణింతాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండుగా విడదీసి. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. పాత మ్యాక్‌ల హెచ్ఎఫ్ఎస్ ప్లస్ డిస్కు పేర్లను ఎప్పుడూ విడదీసే దాస్తుంది. విండోస్, లైనక్స్ కీబోర్డుల నుంచి వచ్చేది మామూలుగా ఒకే గుర్తు. పాత మ్యాక్ డిస్కులోని 'హైదరాబాద్', 'జూలై', 'చెన్నై' ఫోల్డర్లను ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాముతో లైనక్స్ పెట్టెకి తెస్తే, అప్పటికే అక్కడ ఉన్న 'జూలై' పక్కన ఇంకో 'జూలై' వచ్చి కూర్చుంటుంది. ఒకటి 12 బైట్లు, ఇంకొకటి 15 బైట్లు. బ్యాకప్ రెండింతలవుతుంది. ఒకదాంట్లో కొన్ని ఫొటోలు, రెండోదాంట్లో మిగతావి ఉండిపోతాయి. ఫైలు పోయిందనుకున్నది చాలాసార్లు పక్క కవల ఫోల్డర్‌లో ఉంటుంది. ఆర్‌సింక్‌లో ఐకాన్వ్ అనే ఐచ్ఛికం పేర్లను దారిలోనే ఒక రూపానికి తెస్తుంది. ఇప్పటికే చేరిపోయినవాటిని కాన్వ్‌ఎమ్‌వీ అనే ప్రోగ్రాముతో ఒక్కసారిగా సరిచేయొచ్చు. ఐ గుణింతం లేని పేర్లకు తెలుగులో ఈ బాధ లేదు.

ఇక ప్రశ్నార్థకం, కోలన్, నక్షత్రం గుర్తు, కొటేషన్ వంటివి లైనక్స్ పేర్లలో చెల్లుతాయి, విండోస్‌లో చెల్లవు. పేర్లలో వాటిని ముందు నుంచే వాడకపోవడం మంచిది.

## పంపకం, సింక్, బ్యాకప్ ఒకటి కావు

పంచుకున్న ఫోల్డర్ అంటే ఒకే కాపీ, చాలా చేతులు. సింక్ అంటే చాలా కాపీలు, కానీ అన్నీ ఒకే క్షణానివి. సింక్‌థింగ్, వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ ఏది వాడినా ఒకచోట చెరిపితే మిగతా చోట్లా చెరిగిపోవడమే అవి సరిగ్గా పనిచేస్తున్నాయనడానికి గుర్తు. బ్యాకప్ అంటే గడిచిపోయిన రోజుల కాపీ. మూడు వారాల క్రితం ఈ ఫైలు ఎలా ఉందని అడిగితే తీసి ఇవ్వగలిగేదే బ్యాకప్. రెండు డిస్కుల్లో ఒకేసారి రాసే రెయిడ్ అద్దం కూడా బ్యాకప్ కాదు. డిస్కు చస్తే అది కాపాడుతుంది. పొరపాటున చెరిపిన ఫైలును రెండు డిస్కుల్లోనూ అంతే వేగంగా చెరుపుతుంది.

రాన్సమ్‌వేర్ ఈ తేడాను నిర్దయగా బయటపెడుతుంది. ఒక ల్యాప్‌టాప్‌లోకి చొరబడిన ప్రోగ్రాముకి, ఆ ల్యాప్‌టాప్ యూజర్‌కి ఉన్న అధికారాలన్నీ ఉంటాయి. జెడ్ డ్రైవ్‌గా మ్యాప్ అయి ఉన్న బ్యాకప్ ఫోల్డర్ దానికి ఇంకో ఫోల్డరే. తాళం వేసుకుంటూ పోతుంది.

ఇంకో మోసం క్లౌడ్ ఫోల్డర్లలో ఉంది. వన్‌డ్రైవ్ 'ఫైల్స్ ఆన్ డిమాండ్', ఐక్లౌడ్ 'ఆప్టిమైజ్ స్టోరేజ్' ఆన్‌లో ఉంటే, కంప్యూటర్‌లో కనిపించే ఫైళ్ళలో చాలావరకు ఉత్త పేర్లే. అసలు సరుకు సర్వర్‌లో ఉంటుంది. బ్యాకప్ ప్రోగ్రాము వాటిని చూసి వదిలేస్తుంది, లేదా ఒక్కొక్కటే దించుకుంటూ డిస్కు నింపేస్తుంది. వన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ పక్కన మబ్బు గుర్తు ఉందంటే అది కంప్యూటర్‌లో లేదని. బ్యాకప్‌లోకి రావాల్సిన ఫోల్డర్లకు 'ఎప్పుడూ ఈ పరికరంలో ఉంచు' అని పెట్టాలి.

## ఒక ఇంటికి సరిపోయే ఏర్పాటు

ఎప్పుడూ ఆన్‌లో ఉండే పెట్టె ఒకటి, దానికి రెండు డిస్కులు, రూటర్ నుంచి కేబుల్ ఉంటే చాలు. పాత డెస్క్‌టాప్ వాడితే కొనే ఖర్చు లేదు గానీ, 50 వాట్లు తాగుతుందనుకుంటే నెలకి 36 యూనిట్లవుతుంది. రాస్ప్‌బెర్రీ పై 4కి హార్డ్‌డిస్క్ కలిపి 12 వాట్లనుకుంటే తొమ్మిది యూనిట్ల లోపే. కాకపోతే పై 4 యూఎస్‌బీ సాకెట్లన్నీ కలిపి 1.2 ఆంపియర్ల దాకే ఇస్తాయి. రెండు పోర్టబుల్ డిస్కులు ఒకేసారి తిరగడం మొదలెడితే కరెంటు చాలక మధ్యలో తెగిపోతాయి. అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ కానీ, సొంత అడాప్టర్ ఉన్న డిస్కులు కానీ తీసుకోవాలి. పెట్టెనూ రూటర్‌నూ చిన్న యూపీఎస్ మీద పెట్టడం మన కరెంటు కోతలకి అవసరం.

మొదటి డిస్కును ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేసి, సాంబాతో రెండు షేర్లు పెట్టాలి. ఒకటి అందరి ఫైళ్ళకు, ఇంకొకటి మ్యాక్ టైమ్ మెషీన్‌కి. సాంబా సెట్టింగ్‌లలో కాటియా (catia), ఫ్రూట్ (fruit), streams_xattr అనే మూడు మాడ్యూళ్ళను ఈ వరసలోనే ఇవ్వాలి. ఇవి లేకపోతే మ్యాక్ ప్రతి ఫైలుకీ చుక్కతో మొదలయ్యే ఒక పిల్ల ఫైలును వదులుతుంది. ఫ్రూట్‌లో టైమ్ మెషీన్‌ని ఆన్ చేసే వీలు సాంబా 4.8 నుంచి ఉంది. అక్కడే గరిష్ఠ పరిమాణం కూడా రాయాలి, మ్యాక్ డిస్కుకి రెట్టింపు ఇస్తే సరి. హద్దు పెట్టకపోతే టైమ్ మెషీన్ డిస్కంతా నింపేదాకా ఆగదు.

రెండో డిస్కును ఎవరికీ షేర్ చేయకూడదు. కీలకం ఇక్కడే ఉంది. రాత్రి రెండింటికి పెట్టె తనంతట తనే మొదటి డిస్కులోని సరుకును రెస్టిక్ వంటి ప్రోగ్రాముతో రెండో డిస్కులోకి తీసుకుంటుంది. రెస్టిక్ మారిన ముక్కలనే రాస్తుంది కాబట్టి ప్రతిరోజూ కాపీ తీసినా చోటు పెద్దగా పట్టదు. రోజువారీ 7, వారానికొకటి చొప్పున 5, నెలకొకటి చొప్పున 12 కాపీలు ఉంచి మిగతావి తీసేయమంటే ఏడాది వెనక్కి వెళ్ళొచ్చు. ఏ ల్యాప్‌టాప్‌కి తెగులు పట్టినా మొదటి డిస్కుదాకే పాకగలదు, నిన్నటి కాపీ రెండో డిస్కులో పదిలంగా ఉంటుంది. ల్యాప్‌టాప్‌ల నుంచే నేరుగా బ్యాకప్ పంపాలనుకుంటే, రెస్టిక్ సర్వర్‌ని 'చేర్చడమే తప్ప చెరపడం లేదు' అనే పద్ధతిలో నడపాలి. విండోస్ నుంచి పంపేటప్పుడు షాడో కాపీ ఐచ్ఛికం వాడాలి. లేకపోతే తెరిచి ఉన్న టాలీ డేటా, అవుట్‌లుక్ ఫైళ్ళు సగం సగంగా కాపీ అవుతాయి.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. లైనక్స్‌లో డిస్కు మౌంట్ కాకపోయినా (తనకు కేటాయించిన ఫోల్డర్‌కి అతుక్కోకపోయినా), దాని స్థానంలో ఖాళీ ఫోల్డర్ కనిపిస్తూనే ఉంటుంది. బ్యాకప్ డిస్కు మౌంట్ కాని రాత్రి కాపీ అంతా సిస్టమ్ డిస్కులోకి వెళ్ళి దాన్ని నింపేస్తుంది. మొదటి డిస్కు మౌంట్ కాని రాత్రి, చెరిపే ఐచ్ఛికంతో నడిచే ఆర్‌సింక్ 'అసలు ఖాళీ అయింది' అనుకుని నకలునూ ఖాళీ చేస్తుంది. స్క్రిప్టు మొదటి వరుసలోనే మౌంట్‌పాయింట్ ఆదేశంతో రెండు డిస్కులూ ఉన్నాయో లేదో చూసి, లేకపోతే ఆపేయాలి.

వేగం దగ్గర అంచనా ముందే ఉండాలి. గిగాబిట్ కేబుల్ మీద సెకనుకి 110 ఎంబీ దాకా వస్తుంది, 500 జీబీకి గంటా పావు పడుతుంది. రూటర్ సాకెట్ 100 ఎంబీపీఎస్‌దైతే సెకనుకి 11 ఎంబీ, పన్నెండున్నర గంటలు. కొత్త రూటర్ పెట్టినా వేగం 11 దగ్గరే ఆగిందంటే కేబుల్ చూడాలి. గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కావాలి, ఒక జత తెగితే దానంతటదే 100కి దిగిపోతుంది. మొదటి బ్యాకప్ వైఫై మీద కాకుండా కేబుల్ మీద చేస్తే రాత్రికి రాత్రి పూర్తవుతుంది, తర్వాత రోజువారీ మార్పులకు వైఫై చాలు.

## ఇల్లు దాటిన కాపీ, తీసి చూసిన కాపీ

రెండు డిస్కులూ ఒకే బల్ల మీద ఉంటే దొంగతనం, వరద, పిడుగు రెంటినీ కలిపే తీసుకుపోతాయి. మూడో కాపీ ఊరు దాటాలి. 40 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న ఇంటి నుంచి 500 జీబీ క్లౌడ్‌కి ఎక్కడానికి ఆగకుండా పంపినా 28 గంటలు పడుతుంది, నెలనెలా అద్దె వేరే. దానికన్నా మన ఇళ్ళకు నప్పే దారి ఇంకొకటుంది. ఏటా రెండు మూడుసార్లు సొంతూరు వెళ్ళే కుటుంబం రెండు పోర్టబుల్ డిస్కులు కొని, సంక్రాంతికి ఒకటి అమ్మానాన్నల బీరువాలో పెట్టి, దసరాకి రెండోది తీసుకెళ్ళి మొదటిది వెనక్కి తెచ్చుకుంటే నడుస్తుంది. రెస్టిక్ సరుకును ఎన్‌క్రిప్ట్ చేసే రాస్తుంది కాబట్టి డిస్కు బస్సులో పోయినా ఫొటోలు పరాయివారి చేతిలో తెరుచుకోవు. ఎన్ని నెలల మార్పులు బయట కాపీ లేకుండా ఉండిపోతాయో మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ మధ్యకాలంలో అత్యవసరమైన పత్రాలు, కొద్ది జీబీలవి, క్లౌడ్‌లో పెడితే సరిపోతుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు ఇంటి పెట్టెలోని ఫైళ్ళు చూడాలంటే రూటర్‌లో 445వ పోర్టును బయటికి తెరవకూడదు. వానాక్రై నడిచిన దారి అదే. మన ఇంటర్నెట్ కంపెనీల్లో చాలా వరకు ఒకే బయటి అడ్రసును అనేక ఇళ్ళకు పంచుతాయి కాబట్టి తెరిచినా చాలాచోట్ల పనిచేయదు. టెయిల్‌స్కేల్ వంటి వీపీఎన్ రెండు వైపులా వేస్తే, బయటికి ఏదీ తెరవకుండానే పెట్టె అందుతుంది.

ఎన్‌క్రిప్షన్ వల్ల కొత్త బాధ్యత కూడా వచ్చింది. రెస్టిక్ పాస్‌వర్డ్ మరిచిపోతే బ్యాకప్‌ని ఎవరూ తెరవలేరు. విండోస్ 11 కొత్తగా వేసిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్కు ఎన్‌క్రిప్షన్ అడగకుండానే ఆన్ అవుతోంది. మదర్‌బోర్డు పోయి డిస్కును వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతా పేజీలో ఆ కీ ఉందో లేదో ఇవాళే చూసి, రెండింటినీ కాగితం మీద రాసి ఇంటి దస్తావేజులతో పాటు పెట్టాలి.

తీసి చూడని బ్యాకప్‌ని నమ్మకూడదు. మూడు నెలలకోసారి ఒక ఫోల్డర్‌ను ఎంచుకుని, అది మొదట ఏ కంప్యూటర్‌లో ఉందో దానిలోకి కాకుండా వేరేదానిలోకి తిరిగి తీయాలి. విండోస్‌లోది మ్యాక్‌లోకి, మ్యాక్‌లోది లైనక్స్‌లోకి. వీడియో చివరిదాకా ఆడిందా, తెలుగు పేర్లు సరిగా ఉన్నాయా, 'జూలై' ఒక్కటే ఉందా, తేదీలు ఐదున్నర గంటలు జరిగాయా అన్నవి కళ్ళతో చూడాలి. రెస్టిక్ చెక్ ఆదేశానికి పది శాతం డేటా చదవమని చెబితే పెద్ద డిస్కు కూడా తెల్లారేలోపు అయిపోతుంది. అది ఒక్క లోపం చూపించినా ఆ డిస్కు మీద కొత్త కాపీలు రాయడం ఆపి, ఇంకో డిస్కు తెచ్చి దాని మీద మొదటి నుంచి కాపీ తీయాలి. పాత డిస్కును మాత్రం ఫార్మాట్ చేయకుండా పక్కన పెట్టాలి. చెడిన ముక్కలు పోగా మిగిలిన పాత తేదీల ఫైళ్ళు అందులోంచి ఇంకా వస్తాయి.